వెచ్చని చేతులు

పోలండు నుంచి ఇంగ్లండు వచ్చిన బొజెనా పదహారేళ్లుగా వృద్ధాశ్రమంలో పనిచేస్తోంది. ముసలివాళ్లను ముట్టుకునే ముందు టీ కప్పు పట్టుకుని అరచేతులు వెచ్చచేసుకుంటుంది. ఆ తర్వాతే తొడుగులు. కరోనా రోజుల్లో ప్రతి గురువారం సాయంత్రం వీధివాళ్లంతా గుమ్మాల్లో నిలబడి ఆమెలాంటివాళ్ల కోసం చప్పట్లు కొట్టేవారు. పక్కింటి డోరీన్ అయితే ఏకంగా గరిటెతో గిన్నె మోగించేది.

"నీకోసమే పిల్లా ఈ మోత!"

"సోమవారం పార్లమెంటులో ఓట్లేశారటగా డోరీన్ గారూ, యూరప్ నుంచి మావాళ్లు ఇక వీసా లేకుండా రావడానికి వీల్లేదని. మా చెల్లి వచ్చే ఏడాది ఇదే పనికి వద్దామనుకుంది. ఇలాంటి పనులకి రానివ్వరటండీ."

"మంచి పని చేశారు. నిన్ను కాదులేవే, నువ్వు మా పిల్లవి!" గరిటె మళ్లీ గిన్నె మీద పడింది.

బొజెనా కూడా మర్యాదకు నాలుగు చప్పట్లు కొట్టి లోపలికి వెళ్లింది. మర్నాడు ఆశ్రమంలో ఆమె మొదట లేపాల్సింది డోరీన్ తల్లినే. కప్పు పట్టుకుని చాలాసేపు నిలబడింది. టీ చల్లారిపోయింది గానీ, చేతులు వెచ్చబడలేదు.