నోట్లో దారం

కెనడాలోని హాలిఫాక్స్‌లో కనకదుర్గ బతుకుతెరువు నాలుగు పళ్ల మీద నడిచేది. పైవి రెండు, కిందివి రెండు. వాటి మధ్య దారం కొసని బిగించి, మిగతా దారాన్ని రెండు చేతుల వేళ్లకీ మెలిపెట్టి, తలని కాస్త వెనక్కీ ముందుకీ ఆడించిందంటే కనుబొమల చుట్టూ పెరిగిన పిచ్చి వెంట్రుకలు వరసగా ఊడి వచ్చేవి. కుర్చీలో కూచున్నామె ‘అమ్మా’ అనేలోపు ఒక బొమ అయిపోయేది. తెనాలిలో పెళ్లికి ముందు నేర్చుకున్న పని. ఇరవై ఏళ్లయింది.

నోట్లో దారం ఉన్నంతసేపూ మాట్లాడటం కుదరదు. అందుకని పనిలో ఉండగా ఆమె అనే మాట ఒక్కటే: “ఊఁ.” మంచి చెయ్యి అనే పేరుతో పాటు, మంచి మనిషి అనే పేరు కూడా ఆ ‘ఊఁ’ వల్లే వచ్చింది. అత్తగారి విసుర్లు, ఆడపడుచు ఎత్తిపొడుపులు, మొగుడి గురక, శాశ్వత నివాసానికి పెట్టిన పీఆర్ అప్లికేషన్ దిగులు, అన్నీ ఆ కుర్చీలోనే బయటపడేవి. దుర్గకి చెబితే బావిలో వేసినట్టే అనుకునేవారు. నిజానికి ఆమె దగ్గర జవాబులు లేక కాదు. ఒక్కొక్క ‘ఊఁ’ వెనకా ఒక్కొక్క జవాబు దారానికి ఇవతలే ఆగిపోయేది. ఇంటికెళ్లి ఆ జవాబులన్నీ మొగుడు చక్రధర్‌కి చెప్పేది. సంబంధం లేని తిట్లు తినడం అతనికి అలవాటైపోయింది.

రెండు వేల ఇరవై మార్చిలో కరోనా వల్ల షాపులన్నీ మూశారు. లాండ్రీకీ పిజ్జా కొట్టుకీ మధ్య ఇరుక్కున్న దుర్గ ఒంటి కుర్చీ షాపు కూడా మూతపడింది. జూన్‌లో తెరుచుకోవచ్చన్నారు. రూల్స్ ఆరు పేజీలు వచ్చాయి. కుర్చీ తుడవాలి, తలుపు గొళ్లెం తుడవాలి, మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగులు ఉండాలి. అన్నిటికీ తలూపుతూ చదివిన దుర్గ నాలుగో పేజీ దగ్గర ఆగిపోయింది. పనిచేసేవాళ్లు పని అయ్యేదాకా మాస్కు తీయకూడదట.

“మాస్కు పెట్టుకుంటే దారం ఎక్కడ పెట్టుకోను?” అంది.

“గవర్నమెంటు దాని గురించి ఆలోచించి ఉండదు” అన్నాడు చక్రధర్.

ఆ సాయంత్రమే షాపు సొంతదారు ఎలియాస్ ఫోన్ చేశాడు. లెబనాన్ నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే ఉన్న పెద్దాయన. ఉంటావా ఖాళీ చేస్తావా, నెలాఖరులోగా చెప్పమన్నాడు. బబుల్ టీ పెడతామని ఎవరో అడుగుతున్నారట. దుర్గకి ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆరేళ్ల కిందట ఆ షాపు గోడలకి రంగు ఆమే స్వయంగా వేసుకుంది. అక్కడ ఎవరో గోళీల్లాంటివి పీల్చుకుంటూ కూచుంటారన్న ఊహే మింగుడు పడలేదు.

దానికి తోడు ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు. అందులో అసలు డాక్టరు ఒకాయన ఉన్నాడు గానీ, ఆయనకి నోరెత్తే తీరిక లేదు. అంచేత గ్రూపు ఆరోగ్యమంతా కమలకుమారి గారు చూసుకునేవారు. ఆవిడ ఒక ఆసుపత్రిలో రికార్డుల విభాగంలో ఫైళ్లు సర్దుతారు. షాపులు తెరుస్తున్నారన్న కబురు రాగానే ఆవిడ ఇలా రాశారు:

“ఎవరూ సంబరపడకండి. బట్టల షాపులో ట్రయల్ రూమ్ ఎవరెవరు వాడారో. గ్రోసరీలో బెండకాయల కొసలు ఎవరెవరు తుంచి చూశారో. ఇక థ్రెడింగ్ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఎవరి నోట్లో దారమో మీ కళ్ల మీద!”

పేరు రాయలేదు. ఊళ్లో నోట్లో దారం పెట్టుకునే తెలుగామె ఒక్కతే గనక రాయక్కర్లేదు కూడా. మూడు వారాలకోసారి తప్పకుండా వచ్చి ఆ దారం కిందే కళ్లు మూసుకుని కూచునేది తనేనన్న సంగతి ఆవిడకి ఆ క్షణంలో గుర్తు రాలేదు.

బ్రాంప్టన్‌లో ఇదే పని చేసే స్నేహితురాలు ఒకామె ఉపాయం చెప్పింది. దారం పళ్లకి బదులు మెడకి కట్టుకోవడం. వినడానికి సులువే. తీరా చూస్తే, ఇరవై ఏళ్లు పళ్లు చేసిన పని మెడకి అర్థం కావడం లేదు. దుర్గ ముందు తన పిక్కల మీద ప్రయత్నించింది. అవి అయిపోయాక చక్రధర్ ఎడమ చెయ్యి తీసుకుంది. అతను డైనింగ్ టేబుల్ దగ్గర కూచుని ఆఫీసు మీటింగుల్లో మాట్లాడుతుంటే, టేబుల్ కింద చెయ్యి ఆమెకి అప్పగించి ఉండేవాడు. ఒకసారి “అబ్బా!” అన్నాడు. అభ్యంతరం ఏమిటో చెప్పమని మేనేజర్ పావుగంట బతిమాలాడు. వారం తిరిగేసరికి చక్రధర్ ఎడమ చెయ్యి పసిపిల్లాడి చెయ్యిలా తయారైంది.

“కనుబొమ మీద చేస్తేగానీ కుదిరిందో లేదో తెలీదండీ” అంది దుర్గ.

“ఈ వయసులో నాకెందుకే ఆ సింగారం?”

“సింగారం కాదు, ట్రయల్. నాలుగు వెంట్రుకలు. ఎవరికీ తెలీదు.”

చక్రధర్‌వి గొంగళిపురుగుల్లాంటి కనుబొమలు. నాలుగేం ఖర్మ, నలభై తీసినా తెలియదన్న ధైర్యంతో కూచున్నాడు. నిజంగానే మొదటి పది లాగుళ్లూ చక్కగా వచ్చాయి. మెడకి పని పట్టుబడుతోందని దుర్గకి సంతోషం కూడా కలిగింది. అప్పుడు పైనుంచి వాళ్లమ్మాయి రిషిత అరిచింది: “అమ్మా! హూ ఈజ్ ఈటింగ్ అప్ ద వైఫై?”

నోట్లో దారం ఉంటే దుర్గ ‘ఊఁ’ అనేది, కథ అక్కడితో అయిపోయేది. కానీ నోరు ఖాళీగా ఉంది. ఇరవై ఏళ్లలో మొదటిసారి, పని మధ్యలో, నోరు ఖాళీగా ఉంది.

“ఇంకెవరు, మీ నాన్నే!” అంటూ మెట్ల వైపు తల తిప్పింది.

దారం మెడకి కట్టి ఉంది. తలతో పాటు అదీ వెళ్లింది. చక్రధర్ కుడి కనుబొమలో బయటి సగం దాంతో పాటే వెళ్లిపోయింది.

అరుపు విని కిందికి వచ్చిన రిషిత తండ్రిని పరీక్షగా చూసింది. “డాడ్, యూ లుక్ సర్‌ప్రైజ్డ్. బట్ ఓన్లీ ఆన్ వన్ సైడ్” అని పైకి వెళ్లిపోయింది.

పోయిన సగాన్ని దుర్గ కాటుక పెన్సిల్‌తో గీసింది. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. ఆదివారం సాయంత్రం జూమ్‌లో భజన. ముప్ఫై గళ్లలో ముప్ఫై కుటుంబాలు. తాళాలు వేసేది చక్రధరే. నాలుగో పాటకి హుషారెక్కింది, చెమట పట్టింది, భుజం మీది కండువా తీసి అలవాటుగా నుదురు తుడుచుకున్నాడు. పాడుతున్నావిడ గొంతు ఒక్కసారి శ్రుతి తప్పింది. చక్రధర్ తెర మీద తనని తాను చూసుకునేసరికి కాటుక కణత దాకా పాకి ఉంది, కనుబొమ సగమే ఉంది. కెమెరా ఆపేశాడు. ఆపడమే ఇంకా అనుమానంగా కనిపించింది.

అరగంటలో ఐదుగురు ఫోన్ చేసి చక్రధర్ ఆరోగ్యం అడిగారు. అతనికి కుడిచెవి పోటు వచ్చినప్పుడు ఒక్కరు కూడా అడగలేదు. గంట తర్వాత గ్రూపులో కమలకుమారి గారి గొంతు వినిపించింది:

“నేను పేర్లు చెప్పను. ఈ జబ్బు వచ్చి తగ్గినాక వెంట్రుకలు ఊడతాయని హాస్పిటల్లో ఎవరో అనుకుంటుంటే విన్నాను. తల మీదే అనుకున్నాం. కనుబొమల దాకా వచ్చినట్టుంది. ఆ ఇంట్లోవాళ్లే షాపులు తెరుస్తామంటే మాత్రం, మనం కాస్త ఆలోచించుకోవాలి.”

మొదటి రోజుకి దుర్గ పుస్తకంలో ఎనిమిది పేర్లున్నాయి. సోమవారం రాత్రికి ఒక్కటీ మిగల్లేదు. ఒకామెకి ఇంట్లో పనుందట. ఇంకొకామె ఇకమీదట బొమలు పెంచుకోవాలనుకుంటోందట. యూనివర్సిటీలో చదివే నిఖిల ఒక్కతే ఉన్నమాట చెప్పింది: “ఆంటీ, నాకేం లేదు గానీ రూమ్మేట్స్ భయపడుతున్నరు. మీ దగ్గరికొస్తే పద్నాలుగు రోజులు బాత్రూమ్‌లనే పండుకోమంటున్నరు.”

“నేనే పీకేశానని చెప్పెయ్యరాదూ?” అన్నాడు చక్రధర్.

“చెబితే? కట్టుకున్నవాడి బొమే ఉంచలేదు, మనవి ఉంచుతుందా అంటారు.”

“చెప్పకపోతే?”

“జబ్బున్న కొంప అంటారు.”

“పోనీ, ట్రిమ్మర్ జారిందని నా మీద వేసుకుంటా.”

“గడ్డమే వారానికోసారి గీసుకుంటారు. మీరు బొమలు దిద్దుకున్నారంటే చిన్నపిల్లలు కూడా నమ్మరు.”

దుర్గ ఫోన్ తీసింది. ఆమె దగ్గర ఒక ఆయుధం ఉంది. తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్‌ల్లో అందరూ లొట్టలేసుకుని తినే కమలకుమారి గారి గోంగూర పచ్చడి ఇంట్లో నూరింది కాదు. సీసాల్లో కొని, గిన్నెలోకి మార్చి, పైన నాలుగు ఎండుమిరపకాయలు వేయించి వేస్తారు. ఆ రహస్యం ఆవిడే, జనవరిలో, కుడి బొమకీ ఎడమ బొమకీ మధ్య విరామంలో చెప్పారు. దుర్గ ఆ సంగతంతా గ్రూపులో టైపు చేసింది. అక్షర దోషాలు దిద్దింది. ఒక ఎండుమిరపకాయ బొమ్మ కూడా పెట్టింది. కాసేపు చూసుకుని మురిసిపోయి, మొత్తం చెరిపేసింది. నోరు విప్పదన్న పేరు పోతే, షాపు ఉండి మాత్రం లాభమేముంది?

చివరికి తన గొంతుతోనే గ్రూపులో చెప్పింది:

“అందరికీ నమస్కారం. నేను కనకదుర్గని. మా ఆయనకి జబ్బూ లేదు, గిబ్బూ లేదు. మాస్కు పెట్టుకుని చెయ్యాలి గనక దారం మెడకి కట్టుకుని నేర్చుకుంటున్నాను. మధ్యలో మా అమ్మాయి పిలిస్తే తల తిప్పాను. బొమ పోయింది. తప్పు నాదే. శుక్రవారం పదింటికి షాపు తీస్తున్నాను. భయమున్నవాళ్లు లోపలికి రానక్కర్లేదు. కిటికీ బయట నిలబడి చూసుకోవచ్చు, దారం ఎక్కడుందో.”

అందరూ విన్నట్టు గుర్తులు పడ్డాయి. ఒక్కరూ మాట్లాడలేదు. రాత్రి భోజనాల వేళకి అమరేశ్వరరావు గారనే పెద్దాయన మాత్రం రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. అది మెచ్చుకోలో, సంతాపమో ఆయన చెప్పలేదు.

“వాళ్లు కిటికీలోంచి చూస్తే కుర్చీలో ఎవరుంటారు?” అన్నాడు చక్రధర్ పడుకోబోతూ.

“ఎవరూ ఉండరు.”

“నేను కూచుంటా. ఎడమది ఉందిగా.”

దుర్గ నమ్మలేకపోయింది. ఆడవాళ్ల షాపని ఆరేళ్లలో అతను గుమ్మం తొక్కలేదు. ఎప్పుడొచ్చినా కారు పిజ్జా కొట్టు ముందు ఆపుకుని, పిజ్జా కోసం వచ్చినవాడిలా మొహం పెట్టుకుని కూచునేవాడు.

శుక్రవారం పొద్దున్నే పొగమంచు. రేవు అవతల వాళ్లుండే డార్ట్‌మత్ నుంచి ఫెర్రీలో ఇద్దరూ చెరో బెంచీ మీద కూచుని వచ్చారు. దుర్గ కుర్చీని మూడుసార్లు తుడిచి, కిటికీ ముందుకి జరిపింది. బయట పేవ్‌మెంటు మీద ఆరడుగులకో టేపు ముక్క అంటించింది. పది దాటింది. టేపు ముక్కల మీద ఒక సముద్రపు కాకి తిరిగింది. పదీ పావుకి నిఖిల వచ్చి మొదటి టేపు మీద నిలబడింది. తర్వాత ఇంకో ఇద్దరు, అటుగా వాకింగ్‌కి వచ్చినట్టు. అందరికంటే వెనక, ఆఖరి టేపుకి కూడా అవతల, అంత పొగమంచులోనూ నల్లకళ్లద్దాలు పెట్టుకుని, చేతిలో మందుల సంచీతో కమలకుమారి గారు.

చక్రధర్ కుర్చీలో కూచున్నాడు. మొహమంతా మాస్కు కప్పేయగా మిగిలింది భయపడుతున్న రెండు కళ్లు, ఒకటిన్నర కనుబొమ. దుర్గ దారాన్ని మెడకి కట్టుకుని, అందరికీ కనబడేలా కిటికీ వైపు ఒకసారి తిరిగింది.

“పైన ఒక వేలు, కింద ఒక వేలు పెట్టి చర్మం లాగి పట్టుకోండి. ఊపిరి బిగపట్టక్కర్లేదు” అంది. అదే ఆమె ఆఖరి మాట. తర్వాత మెడ ఆడటం మొదలైంది.

సగంలో ఉండగా ఫోన్ మోగింది. టేబుల్ మీద వెలిగిన పేరు చక్రధర్‌కి కనిపించింది.

“ఎలియాస్” అన్నాడు కదలకుండా.

“ఊఁ.”

“అడుగుతాడేమోనే, ఖాళీ చేస్తావా అని.”

“ఊఁ.”

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. దుర్గ తల అటు తిరగలేదు. కిటికీ అవతల ఎవరూ కదల్లేదు. ఆఖరి వెంట్రుక తీసి, దూదితో అద్ది, పక్కకి తప్పుకుంది. చక్రధర్ ఎడమ కనుబొమ విల్లులా ఉంది. కుడిది ఎవరో కొరికి వదిలేసినట్టుంది. పోల్చి చూసుకోవడానికి అంతకంటే మంచి మొహం కెనడా మొత్తం వెతికినా దొరకదు.

నిఖిల కిటికీ అద్దం దగ్గరికి వచ్చి అరిచింది: “అంకుల్, ఎడమది మస్తుంది! ఇంక లేవుండ్రి, నేను కూసుంట.”

“బాత్రూమ్‌లో పడుకోవాలేమో?” అన్నాడు చక్రధర్.

“మా రూమ్మేట్సే పంపిన్రు అంకుల్. వీడియో కాల్‌ల చూస్తున్నరు.”

నిఖిల తర్వాత వాకింగ్‌కి వచ్చిన ఇద్దరూ వాకింగ్ మానుకుని లోపలికి వచ్చారు. మధ్యలో దుర్గ ఎలియాస్‌కి ఫోన్ చేసి, బబుల్ టీ వాళ్లని వేరే చోటు చూసుకోమని చెప్పింది. పన్నెండు కావస్తుంటే, అప్పటికి ఒక్కొక్క టేపే దాటుకుంటూ గుమ్మం దాకా వచ్చిన కమలకుమారి గారు తలుపు తోశారు.

“మందుల కోసం వచ్చానమ్మా. ఎలాగూ వచ్చాను గదా అని…”

నల్లకళ్లద్దాలు తీశారు. మూడు నెలల్లో ఆవిడ రెండు కనుబొమలూ కలిసి ఒక్కటైపోయాయి. దుర్గ కుర్చీ తుడిచి, కొత్త దారం తీసింది.

“ఆ మెసేజ్ నీ గురించి కాదు దుర్గా. జనరల్‌గా పెట్టాను.”

“ఊఁ.”

“నాకే భయం ఎక్కువమ్మా. హాస్పిటల్‌కి రోజూ వెళ్లొస్తున్నానా, మార్చి నుంచీ మా ఆయన నా కంచం మెట్ల మీద పెట్టి వెళ్లిపోతారు. బస్సులో పక్కన ఎవరూ కూచోరు. ఎవరినైనా భయపెడితే నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది.”

“ఊఁ” అంది దుర్గ, కాస్త మెల్లగా.

“ఇంకో మాట. ఎవరితో అనకు. ఆ గోంగూర సీసాలు రావడం లేదు. పాట్‌లక్‌లు మళ్లీ మొదలైతే నా గతేమిటి?”

మాస్కు వెనకాల దుర్గ నోరు ఖాళీగా ఉంది. ఇరవై ఏళ్లుగా ఆగిపోయిన జవాబులన్నీ ఒక్కసారిగా పెదవుల దాకా వచ్చి నిలబడ్డాయి. మూల స్టూలు మీద కూచున్న చక్రధర్‌కి ఆమె కళ్లల్లోనే అవి కనబడుతున్నాయి. అతను రెండు చేతులతో తన బొమలు కప్పుకున్నాడు.

“నీతో చెప్పుకుంటే ఎంత తేలిగ్గా ఉంటుందో” అన్నారు కమలకుమారి గారు హాయిగా కళ్లు మూసుకుని. “పాపం, నోట్లో దారంతో నువ్వు మాత్రం ఏం మాట్లాడతావులే.”

“ఊఁ” అంది కనకదుర్గ.