మా అమ్మ పారిపోలేదు

ఆ సాయంత్రం రేణిగుంట గోడౌన్‌లో పని ముగించుకొని ఆసుపత్రికి వచ్చేసరికి మా అమ్మ మంచం మీద వేరే మనిషి పడుకొని ఉంది. అమ్మ బయట వరండాలో, మెట్ల కింద, గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. కట్టు కట్టిన కుడికాలును బట్టల సంచి మీద పెట్టుకుంది. చక్కెర జబ్బుతో ఆ కాలి వేలు నల్లబడితే నాలుగు రోజుల ముందు చేర్చాను. రేపో ఎల్లుండో ఆపరేషన్ చేస్తామన్నారు.

"పొద్దున్నించి ఈడే కూచోనుండా. ఏడవలేదులే" అంది, నేనేమీ అడగకముందే.

జరిగింది ఇది. పొద్దున అమ్మ బెడ్‌పాన్ కోసం ఆయాను పిలిచింది. ఆయా రాలేదు. దుప్పటి పాడైపోయింది. అప్పుడొచ్చి వార్డంతా వినేటట్టు తిట్టింది. "మహారాణి గదా నువ్వు, పోయి నీ దాసీల చేత కడిగించుకో పో!" అని రెక్క పట్టుకొని లేపి వరండాలోకి పంపేసింది. తర్వాత డాక్టర్లు రౌండ్‌కు వచ్చారు. మంచం ఖాళీగా ఉంది. కేసు షీటు మీద ఒక ఇంగ్లీషు మాట రాసి వెళ్ళిపోయారు. డ్యూటీ నర్సు నాకు ఆ మాట చూపించింది. అబ్‌స్కాండెడ్. అంటే పరారీ.

"పారిపోయిన పేషెంటుకు మళ్ళీ బెడ్డు ఇయ్యరు సార్. సూపరింటెండెంటు గారు ఆ మాట కొట్టేస్తేనే" అంది నర్సు.

జైలు గోడ దూకిన వాళ్ళకు వాడే మాట అది. మా తాత బతికున్న రోజుల్లో పొద్దున్నే మా అరుగు కింద జనం అర్జీలు పట్టుకొని నిలబడేవారు. నాకు ఊహ తెలిసేసరికి అరుగూ లేదు, భూములూ లేవు. నిటారుగా నడవడం ఒక్కటే మిగిలింది. అటువంటి ఇంటి కోడలు పారిపోయిందట, నడవలేని కాలితో.

అమ్మను ఆటోలో మా అద్దె ఇంటికి తెచ్చుకున్నాను. మా వీధి కాంపౌండరు రోజూ వచ్చి కట్టు మార్చేవాడు. "తొందరగా ఆపరేషన్ కావాల సార్. నలుపు పైకి పాకితే వేలుతో పోదు" అన్నాడు. కాబట్టి నాకు కావలసినవి రెండే. ఆ మాట పోవాలి, ఆ మంచం రావాలి.

మరునాడు నేనే స్వయంగా ఉత్తరం రాశాను. మా ఇంట్లో ఉత్తరాలు ఎలా రాసేవారో నాకు తెలుసు. 'ఇందుమూలముగా తెలియజేయడమేమనగా' అని మొదలుపెట్టి, 'తగు చర్య తీసుకొనబడునని భావిస్తున్నాము' అని ముగించాను. ఆసుపత్రి ఆఫీసులో గుమాస్తా చేతికిచ్చి వచ్చేశాను. రసీదు అడగలేదు. అడిగితే అతని మాట నమ్మనట్టు ఉంటుందనిపించింది.

ఐదు రోజులు చూశాను. ఎవరూ పిలవలేదు. వెళ్ళి అడిగితే గుమాస్తా ఓపిగ్గా వెతికి నా ఉత్తరం తీశాడు. దాని మీద ఎర్ర ఇంకుతో 'సమాచారం' అని రాసి ఉంది.

"చర్య ఏదీ?" అన్నాను.

"దీంట్లో అడిగిందేముండాది సార్? తెలియజేయడమేమనగా అన్నారు. తెలుసుకున్నాం. ఫైల్లో పెట్టినాం" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు. నేను కదలకపోవడం చూసి గొంతు తగ్గించాడు. "సోమవారం చిత్తూరు కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే గ్రీవెన్సు ఉంటాది. ఆడ నంబరు పడితే మాకు కాగితం వస్తాది. కాగితం వస్తే మేం కదలాల్సిందే."

సోమవారం మొదటి బస్సుకే చిత్తూరు వెళ్ళాను. కలెక్టరాఫీసు గోడ పక్కన టార్పాలిన్ కింద ఒక పెద్దాయన టైపు మిషను పెట్టుకొని కూర్చున్నాడు. నా పాత ఉత్తరం నకలు చదివి, కళ్ళజోడు మీదుగా చూశాడు.

"ఎవురప్పా దీన్ని రాసింది? రాజావారా?"

"నేనే."

"అదే అనుకుంటి. అరుగు మీద కూచోని కిందోళ్ళకు రాసినట్టుండాది. అర్జీ పైనించి కిందికి పారే నీళ్ళు కాదబ్బా. మోటారు పెట్టి పైకెక్కించాల."

కాగితం ఎక్కించి టకటకా కొట్టడం మొదలుపెట్టాడు. వంగి చూశాను. 'మహారాజశ్రీ కలెక్టరు గారి దివ్య పాదములకు' అని ఉంది.

"పాదాలు వద్దు" అన్నాను.

"పాదాలు లేని అర్జీ నా మిషను ఇంతవరకూ కొట్టలేదప్పా."

"ఈ రోజు కొట్టు."

ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, ఆ కాగితం పీకేసి ఇంకొకటి పెట్టాడు. "సరే. అడుక్కోవద్దులే, అడుగు. యా రోజు, ఎన్ని గంటలకు, యా మంచం, ఎవురు సూసినారు. కడాన నీకేం కావాల్నో ఒక్క మాటలో సెప్పు."

"ఆ రాత కొట్టేయాలి. మంచం తిరిగివ్వాలి."

"అవి రెండు మాటలు."

"రెండూ కొట్టు."

చివర్లో అడిగాడు. "మీయమ్మ ముందు ఏమన్నా అనిందా ఆయాని? అంటే ముందే రాసేయాల. వాళ్ళు సెప్తే మనకు నష్టం."

"ఏమీ అనలేదు" అన్నాను. అది అబద్ధం. ఆయాను అమ్మ ఏమని పిలిచిందో నాకు చెప్పింది. 'ఏమే, ఇట్లా రా' అని పిలిచింది. పుట్టినప్పటి నుంచి ఆమెకు తెలిసిన పిలుపు అదే.

ఈసారి రెండో కాపీ మీద ముద్ర వేసి నంబరు రాసేదాకా గ్రీవెన్సు కిటికీ దగ్గర నుంచి కదల్లేదు.

ఇక సాక్షి కావాలి. ఆసుపత్రిలో అమ్మ పక్క మంచం మీద పులికాట్ వైపు జాలరి పల్లె నుంచి వచ్చిన ఆమె ఉంది. పడవ అంచు తగిలి కుడిచెయ్యి విరిగింది. ఒకరిని సాయం అడగడం నాకు అలవాటు లేదు. ఆమె మంచం దగ్గర కాసేపు ఊరికే నిలబడ్డాను.

"ఏందప్పా, కొయ్య మాదిరి నిలబడినావు? సాక్షికేనా? ఎవురూ అడగలేదనే కూచోనుండా. ఈ చెయ్యి ఇరిగినా ఆ చెయ్యి ఉండాది. యాడెయ్యాల ఏలిముద్ర?" అంది. నేను రాసుకెళ్ళిన సాక్ష్యం కాగితం మీద ముద్ర వేసి, వేలి సిరా తుడుచుకుంటూ నవ్వింది. "మీయమ్మ నన్ను గూడా ఏమే అనింది. మా అత్త పిలిచినట్టే ఉండె."

ఆ వారంలోనే పిలుపు వచ్చింది. సూపరింటెండెంటు గదిలో నేను, కుర్చీలో అమ్మ, జాలరి ఆమె, ఎదురుగా ఆయా. సాక్షి చూసింది చూసినట్టు చెప్పింది. అప్పుడు ఆయా కళ్ళు తుడుచుకుంటూ, "ఆమె నన్ను ఏమే అనింది సార్. ముప్పై మంచాలకి నేనొక్కదాన్నే. నేనేమన్నా ఆమింట్లో పనిమనిషినా?" అంది.

సూపరింటెండెంటు నా అర్జీని పైనుంచి కిందికి చదివాడు. "ఇది ఇందులో లేదే?" అన్నాడు. నాకు తల దించుకోక తప్పలేదు.

అమ్మ మాత్రం దించుకోలేదు. "అన్నాను" అంది. "అది నా తప్పే. దానికి నువ్వు నన్ను నాలుగు మాటలు అను, పడతాను. మంచం తీసేస్తావా? నేను పారిపోయినానని రాస్తారా?"

 సూపరింటెండెంటు కేసు షీటు తెప్పించి, ఆ మాట మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన ఏదో రాసి సంతకం పెట్టాడు.

"ఏం రాసినారో సదవండి సార్" అంది అమ్మ.

"వార్డు సిబ్బంది బయటికి పంపినారు. మళ్ళీ చేర్చుకోవలసినది."

"పాత మాట ఇంకా కనబడుతోంది" అన్నాను నేను. ఆసుపత్రి కాగితంలో చెరపకూడదనీ, కొట్టి సంతకం పెట్టడమే పద్ధతనీ ఆయన చెప్పాడు.

"ఉండనీ నాయనా" అంది అమ్మ. "రాసిందీ కనపడతాది, కొట్టిందీ కనపడతాది."

ఆపరేషన్‌లో ఒక వేలుకు బదులు రెండు పోయాయి. పాదం నిలిచింది. ఆపరేషన్ మరునాడు అమ్మకు మళ్ళీ బెడ్‌పాన్ కావలసి వచ్చింది. డ్యూటీలో ఆ ఆయానే ఉంది. అమ్మ గొంతు సవరించుకొని, "అమ్మా, ఒకసారి వస్తావా" అంది. ఆ మాట ఆమె నోట్లో కొత్త చెప్పులా కరిచింది. ఆయా తిరిగి చూసింది. నవ్వలేదు గానీ, వచ్చింది.

ఇంటికి వచ్చి, ముద్ర ఉన్న రెండో కాపీ తీశాను. 'మా అమ్మ ఆయాను ఏమే అని పిలిచినది' అని అంచున నా చేత్తో రాసి, కింద సంతకం పెట్టాను.