మల్లికి చెప్పకుండా

గల్ఫ్‌లో, ముసఫ్ఫాలో వెల్డింగ్ పనిచేసే రాజలింగానికి మల్లి దొరికింది కరోనా వచ్చిన ఏడాది. పనివాళ్ళను కంపెనీ క్యాంపు గదుల్లో కుక్కి గేటు మూసేసిన రోజుల్లో, గేటు కిందినుంచి ఓ గోధుమరంగు కుక్కపిల్ల దూరి వచ్చి అతని చెప్పు మీద తల పెట్టుకుని పడుకుంది. ఇక అంతే, అతని పప్పన్నంలో దానికో వాటా పడింది. జగిత్యాల పక్క పల్లెనుంచి భార్య చంద్రవ్వ ఫోన్ చేస్తే ముందు కుక్క ముచ్చట్లే చెప్పేవాడు.

"నాకంటె దాని మీదనే నీకు పానం," అని ఆమె దెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు.

రోజూ సాయంత్రం కంపెనీ బస్సు రాగానే మల్లి గేటు ముందు నిలబడేది. దిగే ప్రతి మనిషి మొహమూ చూసేది. రాజలింగం దిగాక ఇంకెవరినీ చూసేది కాదు.

చాలా కాలానికి అతనికి ఇంటికి పోయి రావడానికి రెండు నెలల చుట్టీ దొరికింది. కుక్కను వెంట తీసుకుపోవడం గురించి ఆరా తీస్తే సూదులు, కాగితాలు, విమానం పెట్టె అన్నారు. ఖలాస్, ఆ ఆశ వదులుకుని బస్సు డ్రైవర్ జమీర్‌కు అప్పగించాడు. జమీర్‌ది ఆదిలాబాద్, మంచి మనసున్నవాడు.

"తిండి సంగతి నాకొదిలెయ్ కాకా. గని పోయేటప్పుడు దానికి కనబడి పో. ఏడుస్తె ఏడ్వనీ, నువ్వు పోయినవని తెలుస్తది."

"వద్దు తమ్మీ. మా బిడ్డ నవత చిన్నగున్నప్పుడు గూడ దాని కండ్లవడకుంటనే అచ్చిన."

దుబాయ్‌కి మనుషుల్ని పంపే ఇళ్ళలో అందరూ చేసేదే అది. పిల్లను పక్కింటికి తోలి, చేతిలో చాక్లెట్ పెట్టి, ఈ లోపల తండ్రిని ఆటో ఎక్కిస్తారు. పిల్ల ఏడుపు వింటే కాలు కదలదని పెద్దల భయం. పిల్ల తర్వాత ఎంత ఏడ్చిందో పోయినవాడికి వినబడదు కదా!

బయల్దేరే రోజు రాజలింగం వంటగది వెనక మల్లికి కోడి బొక్కలు వేసి, అది తల వంచగానే, పక్క గేటునుంచి జారుకున్నాడు.

రాజలింగం ఇంటికి చేరాక జమీర్ వీడియో ఫోన్‌లో కుక్కను చూపించాడు. మల్లి గేటు దగ్గరే పడుకుని ఉంది. ముందు గిన్నె నిండుగా ఉంది.

"ముడ్తలేదు కాకా. బస్సు వస్తే లేస్తది, అందరిని సూస్తది, మళ్ల పండుకుంటది."

"మల్లీ!" అని కేకేశాడు రాజలింగం. కుక్క దిగ్గున లేచి ఫోన్ వాసన చూసి, దాని వెనక్కి వెళ్ళి వెతికింది. అతను ఫోన్ బోర్లించి కండువాలో మొహం దాచుకున్నాడు.

డిగ్రీ చదువుతున్న నవత పక్కనే ఉండి ఇదంతా చూసింది.

"నేను గూడ గట్లనే బాపూ. చాక్లెట్ తిని అచ్చేసరికి నువ్వు లేవు. గాదె ఎనుక దాసుకున్నవనుకున్న. శానా దినాలు దేవులాడిన."

ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె ఎన్నడూ అనలేదు. రాజలింగానికి తల ఎత్తబుద్ధి కాలేదు.

చుట్టీ అయిపోవచ్చే ముందు జమీర్ మళ్ళీ ఫోన్ చేశాడు. పొద్దున బస్సు బయల్దేరితే మల్లి వెంటబడి ఉరికిందట. అద్దంలో చూసి అతను బస్సు ఆపేలోపే పెద్దరోడ్డు మీద లారీ కొట్టేసింది. దూరంగా ఇసుకలో పాతిపెట్టానని చెప్పి వాడు ఏడ్చాడు. తప్పు వాడిది కాదు. రాజలింగం ఆ మాటే చెప్పాడు, ఎవరిదో మాత్రం చెప్పలేదు.

తిరుగు ప్రయాణం నాడు చంద్రవ్వ అలవాటు కొద్దీ కూతురిని పక్కింటికి పనిమీద పంపబోయింది. రాజలింగం అడ్డుపడ్డాడు. నవతను బస్టాండుదాకా వెంటబెట్టుకుపోయి, ఆమె ముందు నిలబడి, "పోయస్త బిడ్డా," అన్నాడు. అంత ఎదిగిన పిల్ల బస్టాండులో అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చింది. అతను చెవులు మూసుకోలేదు. బస్సు కదిలేదాకా విన్నాడు.

ముసఫ్ఫాలో మొదటిరోజు పనినుంచి వస్తూ అందరికంటే ఆఖరున దిగాడు. గేటు పక్కన మల్లి పడుకునే చోట నేల కొంచెం గుంటపడి ఉంది. అక్కడ గొంతుక్కూర్చుని, "నేను పోయస్తనే మల్లీ, రెండు నెల్లల్ల అస్త," అన్నాడు.