దయ్యాలకి బదిలీ ఉత్తర్వులు

మా మావయ్య దయ్యాలని వదిలించడు, బదిలీ చేస్తాడు. ముప్ఫయ్యేళ్ళు ఒక ఆఫీసులో బదిలీల సెక్షన్ గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో కుర్చీని ఈ మూల నించి ఆ మూలకి జరపాలన్నా కాగితం మీద రాసి సంతకం పెడితేగానీ ఆయనకి తోచదు. అలాంటివాడు దయ్యాన్ని ఊరికే పొమ్మంటాడా?

మా చుట్టుపక్కలవన్నీ కొండల మధ్య విసిరేసినట్టుండే ఊళ్ళు. రోజుకో బస్సు, ఊరికో దయ్యం. ఎవరింట్లో చప్పుడైనా మావయ్యకి కబురొచ్చేది. మోటార్ సైకిల్ నాది, ఫైలు ఆయనది. పట్టపగలే వెళ్ళేవాళ్ళం. "ఆఫీసు వేళలు దాటితే నేను ఏ దయ్యాన్నీ చూడను" అనేవాడు.

ఒకసారి పిండిమర యజమాని మరలో దయ్యమంటూ వచ్చి వీధిలోనే నిలబడ్డాడు. మావయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఎన్నాళ్ళ నించి ఉందక్కడ?"

"మూడేళ్ళయిందండీ."

"ఒకేచోట మూడేళ్ళా! ఎవరి అండ చూసుకునయ్యా?"

ఎక్కడికెళ్ళినా ఒకటే తంతు. అందర్నీ బయటికి పంపి, తలుపేసుకుని, అరగంట లోపల ఏదో టకటకలాడించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి ఉత్తర్వు చదివేవాడు. "ఏడు రోజుల్లోగా కొత్తచోట చేరవలెను. దారి ఖర్చులు ఇవ్వబడవు." దయ్యం కిక్కురుమనకుండా పోయేది.

చిక్కల్లా ఎక్కడికి పంపాలన్నదే. మొదటిదాన్ని రాళ్ళ క్వారీకి వేస్తే క్వారీవాళ్ళు కర్రలు పట్టుకుని వచ్చారు. దాంతో అన్నిటినీ సొంతింటి వెనక గదికే వేసుకున్నాడు. అత్తయ్య నా దగ్గర మొత్తుకునేది.

"పదిహేడు దయ్యాలు, ఇద్దరం మనుషులం! నాకు జడిసి అవి నోరెత్తడం లేదు సరే, నువ్వు తప్ప ఇంకో చుట్టం మొహం చూసి నాలుగేళ్ళయింది. పక్కింటావిడ అరువు తీసుకున్న నా గరిటెని గోడ మీంచే విసిరేసి పోయింది."

పద్దెనిమిదోది కొండ మీద ఊళ్ళో. అక్కడి ఆరోగ్య కేంద్రానికి కొత్తగా ఒక నర్సు వచ్చింది. మొదటి ఉద్యోగం, పాతికేళ్ళు కూడా లేవు. ఒక మధ్యాహ్నం మందుల గది గోడ అవతల ఎవరో రొప్పుతున్నారని కేకలు పెడుతూ, ఒంటికాలి చెప్పుతో వీధిలోకి పరిగెత్తింది. మేం వెళ్ళేసరికి గుమ్మంలో పెట్టె సర్ది ఉంది, బస్సుకి గంట టైముంది. చుట్టూ మూగిన జనంలో సగంమందికి భయం, సగంమందికి నవ్వు. అంతకుముందు రెండేళ్ళు ఆ కేంద్రానికి తాళమే. ఈ పిల్లా బస్సెక్కిందంటే పురిటి నొప్పులొచ్చినా, పాము కరిచినా ఆ ఊరికి దిక్కులేదు.

మావయ్యా నేనూ వెనక్కి వెళ్ళి చూశాం. గోడకీ కంచెకీ మధ్య నీడలో ఒక చూడి మేక, గోడకన్నంలో మూతి పెట్టి ఆయాసపడుతోంది. నాకు నవ్వాగలేదు. కేకేసి అందరికీ చెప్పబోయాను. మావయ్య నా కాలు తొక్కాడు. మేకని మెల్లిగా కంచె అవతలికి తోలి, కన్నంలో ఇటుకముక్క దోపి, చెమట తుడుచుకుంటూ జనం ముందుకి వచ్చాడు.

"సీనియర్ దయ్యం! పదిహేడింటిని చూసినవాణ్ణి, నాకే కాళ్ళు వణికాయి. ఈ అమ్మాయి మూడు వారాలు దాని పక్కనే కూర్చుని మీకు సూదులు వేసిందా! ఇంకొకరైతే మొదటిరోజే మూర్ఛపోయేవాళ్ళు."

నవ్వుదామని వచ్చినవాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. ఒక ముసలమ్మ ఆ పెట్టెని తనే లోపలికి మోసుకెళ్ళింది. బస్సు వచ్చి, ఖాళీగానే పోయింది.

దారిలో నిలదీశాను. "మేకేనని చెప్పేస్తే పోయేదిగా మావయ్యా?"

"చెబితే మేక పోతుంది. మేకకి జడిసిన నర్సన్న పేరు పోతుందట్రా? ఆ పేరు పెట్టుకుని ఆవిడ ఎవరికి వైద్యం చెయ్యగలదు?"

"అయితే మిగతా పదిహేడూ?"

"ఎలుకలు, వదులైన రేకులు, ఒక గుడ్లగూబ. ఎవరింట్లో ఏదో మాత్రం అడక్కు."

అన్నేళ్ళూ ఆయన చాదస్తానికి నవ్విన నాకు, ఆ పూట ఆయన్ని చూస్తే ముద్దొచ్చింది.

నెల తిరక్కుండా నర్సు మావయ్య ఇంటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. నేను కాక ఇంకో మనిషి నాలుగేళ్ళకి గుమ్మం తొక్కేసరికి అత్తయ్య హడావుడి ఇంతా అంతా కాదు. నర్సు మావయ్య వైపు తిరిగి, నవ్వాపుకుంటూ చెప్పింది.

"మీరు బదిలీ చేసిన దయ్యం మొన్న రెండు పిల్లల్ని పెట్టిందండీ. పురుడు నేనే పోశాను."

మావయ్య ఫైలు చాటున మొహం దాచుకున్నాడు. మంచినీళ్ళు తెస్తున్న అత్తయ్య ఉన్నచోటే నిలబడిపోయింది.

"ఏమండీ! ఆ పసిగుడ్లకి కూడా మనింటికే పోస్టింగు వేస్తారా?"