నాలుగు మూలల పసుపు

2002 జూలైలో నన్ను అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పంపారు. నా హోదా చేతిపనుల శిక్షకురాలు, గ్రేడ్ టూ. అంటే పాఠం చెప్పడం నా వంతు, ఏ పాఠమో నిర్ణయించడం పైవాళ్ల వంతు. వానల్లేక వేరుశనగ ఎండిపోతున్న రోజులు. ఆడవాళ్లు బెంగళూరు కూలికి పోకుండా ఇంటిపట్టునే పని చూపించాలన్నది పథకం. ఆ పని, చేతికాగితం మీద ఉబ్బెత్తు అక్షరాల పెళ్లి పత్రికలు చేయడం. గింజలు లేని చోట పత్రికలేమిటని అడిగే హోదా నాది కాదు.

నెమ్మదిగా ఆరే సిరాతో ముద్ర వేసి, వెంటనే బంగారు రంగు పొడి చల్లాలి. తడి ఉన్నచోటే పొడి అంటుకుంటుంది, మిగతాది దులిపేయాలి. తర్వాత సెగ చూపిస్తే పొడి కరిగి అక్షరం పైకి లేస్తుంది. దీనికి హీట్ గన్ అనే పరికరం ఉంది. అది మాకు రాలేదు, కరెంటు కాయిల్ పొయ్యిలు వచ్చాయి. కాగితాన్ని కాయిల్‌కు జానెడు పైన ఆడిస్తూ పట్టుకోవాలి, నిలిపితే మాడుతుంది.

నా బ్యాచ్‌లో అందరికంటే చెయ్యి తిరిగింది లక్ష్మీదేవికి. భర్త అప్పటికే బెంగళూరులో మేస్త్రీ దగ్గర కూలి. "ఆర్డర్లు దొరికితే పాపను బడి మాన్పించకుండా ఈడే ఉంటాం మేడం. లేకుంటే ఇంటికి బీగమే" అంది. చివరికి పక్క ఊరి పెద్దరైతు ఒకాయన తన కొడుకు పెళ్లికి పత్రికలు చేయమన్నాడు. ఆమె సంతోషం చూసి నేనూ పథకాన్ని నమ్మాను.

శుభకార్యపు కాగితానికి నాలుగు మూలలా పసుపు పెట్టడం మన ఆచారం. అచ్చంతా అయ్యాక, పంచేముందు పెళ్లివారే పెట్టుకుంటారు. లక్ష్మీదేవి అత్త నారాయణమ్మ లెక్క వేరు. నిప్పు సెగ తగలకముందే శుభపత్రికకు పసుపు తగలాలని ఆమె పట్టు. కోడలు నీళ్ల ట్యాంకరు దగ్గరికి పోయినప్పుడు తెల్లకాగితాలన్నిటికీ తడిపసుపు పెట్టి పేర్చేసింది. అది సరిగా ఆరలేదు. ముద్ర వేసి పొడి చల్లితే మూలలన్నీ పొడి పట్టాయి. ముద్దగా పట్టిన పొడి కరగాలంటే సెగ ఎక్కువ కావాలి. పొడి కరిగింది, దాంతోపాటు మూలలు మాడి నల్లబడ్డాయి. మొదటి కాగితం దగ్గరే ఆగుదామంటే వేరే కాగితం లేదు, ముహూర్తం దగ్గరికొచ్చింది. లక్ష్మీదేవి భయపడి, నాకు చెప్పకుండా, నలుపు మీద మళ్లీ చిక్కగా పసుపు పూసింది.

మన దగ్గర మూలలకు నలుపు పూసేది చావు కబురు మోసే ఉత్తరానికి.

పత్రికలు అప్పగించేటప్పుడు నేనూ వెంట వెళ్లాను. దేవుని గూట్లో పెట్టడానికి పెద్దరైతు మొదటి పత్రిక తీసుకున్నాడు. బొటనవేలు తగిలి ఎండిన పసుపు పెచ్చుగా రాలి, కింది నలుపు బయటపడింది. ఆయన అరవలేదు.

"ఏమమ్మా, పెండ్లికి పిలిచేకి తెచ్చినావా, సావు చెప్పేకి తెచ్చినావా?"

నేను తడి, పొడి, సెగ అంటూ వివరించబోయాను. "ఊరకుండండి మేడం. ఎట్లయితేనేమి, కండ్లతో చూసినాం కదా" అని పత్రికలు వెనక్కి తోశాడు.

ఆమె చేతి పత్రిక శుభానికి పనికిరాదన్న మాట చుట్టుపక్కల పాకింది. కరువుకు తోడు ఇదొకటి, గోరుచుట్టు మీద రోకటిపోటు. నారాయణమ్మ అన్నం మానేసి గోడవైపు తిరిగి కూర్చుంది. కోడలు ఆమెను పల్లెత్తు మాట అనలేదు. తిట్టుకున్నా బాగుండేదనిపించింది నాకు. ఎవరి మీద కోపపడాలో తెలియక ఆ వారమంతా నాలో నేనే ఉడికిపోయాను. దసరా రాకముందే ముగ్గురూ బెంగళూరు బస్సెక్కారు. పాప బడి ఆగిపోయింది.

ఒక ఇంటికి కొత్త పని నేర్పేముందు, ఆ వస్తువుకు వాళ్లు జరిపే శుభం ఏమిటో, దాన్ని ఏ దశలో జరుపుతారో అడగాలి. మా శిక్షణ పాఠాల్లో ఆ ప్రశ్న లేదు. పసుపు చివరనే పెట్టాలన్నది పై ఏడాది మొదటి పాఠంగా చేర్చడానికి పైవాళ్లు ఒప్పుకున్నారు. ఆ ఏడాది బ్యాచ్‌లో చేరడానికి ఎవరూ రాలేదు. రావలసినవాళ్లంతా బెంగళూరులో ఇటుకలు మోస్తున్నారు.