రష్యా నది, బోరబండ బండ

నా చిన్నప్పుడు బోరబండలో బడి పుస్తకాలకు అట్టలంటే రష్యా నుంచి వచ్చే పత్రికల కాగితాలే. నున్నగా, మందంగా ఉండేవి. అట్ట లేకపోతే లెక్కల సారు బెత్తం ఊరుకునేది కాదు. ఆ భయంతోనే ఒక పొద్దున పక్కింటి అక్క గూట్లో ఉన్న పత్రికలోంచి నడిమి కాగితం చింపాను. దాని మీద ఒక రంగుల బొమ్మ: ఒక నది, ఒడ్డున తెల్ల బెరడు చెట్లు, పైన ముసురు. అంచులు కత్తిరించి, అన్నం మెతుకులతో లెక్కల పుస్తకానికి అంటించేశాను.

బడి నుంచి వచ్చేసరికి అక్క ఇల్లంతా వెతుకుతోంది. మర్నాడే ఆమెకు డ్రాయింగ్ పరీక్ష. తప్పితే ఇక చదువు మాన్పిస్తానన్నాడు వాళ్ళ నాన్న. నెల రోజులుగా ఆ బొమ్మ చూసే గీయడం నేర్చుకుంటోంది. అది వేసినాయన పేరు మాకు నోరు తిరిగేది కాదు, ‘రష్యాయన’ అనుకునేవాళ్ళం. తల్లీతండ్రీ పోయి, తిండికి కటకటలాడుతూ కూడా నదులూ అడవులూ వేశాడట. నా మొహం మండ, నేను కత్తెర వేసింది దానికే! సంచీ కడుపుకు హత్తుకుని చాలాసేపు గడప దిగలేదు. చివరికి ఏడుస్తూ వెళ్ళి పుస్తకం ఆమె ఒళ్ళో పెట్టాను.

అక్క కత్తిరించిన అంచులను వేలితో తడిమింది. పుస్తకం వెనక్కి దాచి, “కండ్లు మూసుకొని చెప్పు, చెట్లు ఎన్ని?” అంది. చెప్పలేకపోయాను. పొద్దంతా నా దగ్గరున్న బొమ్మే!

“ఆయన ఊర్లెంబడి తిరిగి కండ్లనిండ చూసి, ఇంటికొచ్చి యాదికి తెచ్చుకొని ఏసేటోడంట. నేనేమో కాగితం పోయిందని పరేషానైతున్న. ఇగ నడువ్,” అని ఇంటి వెనకున్న పెద్ద బండ దగ్గరికి తీసుకెళ్ళింది. పగుళ్ళెక్కడున్నాయో, ఎండ ఎక్కడ దిగిపోతోందో చీకటి పడేదాకా నాచేత చెప్పించింది. పరీక్షలో ప్రకృతి దృశ్యం వేయమంటే మా బండే వేసింది. ఫలితాలు వచ్చేదాకా నాకు అన్నం సయిస్తే ఒట్టు. ప్యాసైంది, టీచరమ్మ కూడా అయింది.

ఆ బండ చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లున్నాయి. కొండాపూర్‌లో మా బాల్కనీ ఎదుట మిగిలిన ఒక్క బండకూ పగలగొట్టడానికి మొన్న ఎర్ర రంగుతో గుర్తులు పెట్టారు. డ్రిల్లు మోత ఎక్కడ వినబడినా దీనికేనేమో అనుకుంటాను. కాగితం పోయినా చూసింది పోదని అక్క నేర్పింది గానీ, సరిగ్గా చూశానా అన్న భయం నన్ను వదల్లేదు. రోజూ ఆ బండను చూసొచ్చి, కళ్ళు మూసుకుని పగుళ్ళు లెక్కపెడతాను. నిన్న ఏడు గుర్తొచ్చాయి. ఎనిమిదోది గుర్తురాక, మోకాళ్ళ నొప్పులు కూడా మరిచి, మళ్ళీ బాల్కనీలోకి పరిగెత్తాను.