అత్త కారుకు వంకర చక్రం

ఆ రోజుల్లో, అంటే మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి తాండూరులో ఒక బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన రోజుల్లో, లోకంలో తిరిగే వస్తువులన్నీ నాకు అర్థమైపోయాయనే అనుకునేదాన్ని. ఫ్యానైనా, పిండి గిర్ని అయినా, కారు చక్రమైనా, తిరిగేదాని వెనక ఒక సూత్రం ఉంటుంది, ఆ సూత్రం నా దగ్గర ఉంది. మా ఇంట్లో యంత్రాల చదువు చదివిన మొదటి ఆడపిల్లను కావడంతో మిక్సీ ఆగినా, బోరు మోటారు మొరాయించినా నన్నే పిలిచేవారు. (సగం సార్లు ప్లగ్గు ఊడి ఉండేది. అది పెట్టేసి గంభీరంగా చేతులు దులుపుకునేదాన్ని.) నాయిన మాత్రం పెదవి విరిచేవాడు. "గా ఇనుప సామాన్లతోని నీకేం పని బిడ్డా? మంచిగ బ్యాంకు పరీక్ష రాయరాదు?" అనేవాడు.

వికారాబాద్‌లో మా ఇంటికి దగ్గర్లోనే మా మేనత్త ఉండేది. కోట్‌పల్లి బడిలో టీచరు. మామయ్య పోయాక, ఆయన ముచ్చటపడి కొన్న పాత ఆటోమేటిక్ కారును ఎవరు అడిగినా అమ్మకుండా, యాభై దాటిన వయసులో తానే నడపడం నేర్చుకుంది. గేర్లు మార్చే పని లేదు, క్లచ్ లేదు. ఒకటి తొక్కితే పోతుంది, ఇంకోటి తొక్కితే ఆగుతుంది. రోజూ అందులోనే బడికి వెళ్లి, దారిలో కనిపించిన వాళ్లనందరినీ ఎక్కించుకుని వచ్చేది. ఒకరోజు అనంతగిరి ఘాటు మీద ఇంజన్ గర్జించింది గానీ కారు కదలలేదు. గేర్‌బాక్స్ పోయింది.

స్టేషన్ వెనక షెడ్డులో ఉండే మెకానిక్‌ను అందరూ ఉస్తాద్ అనేవారు. స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని రోగం చెప్పేవాడు. "టీచరమ్మా, గీ ఆటోమేటిక్ డబ్బ ఖతం. గిసొంటిది యాడ దొర్కదు. ఫికర్ జెయ్యకు, చేతి గేర్ల డబ్బ ఏస్త. మస్తు నడుస్తది" అన్నాడు. అత్త నా వైపు తిరిగింది. "ఏమంటవే? సదువుకున్నదానివి నువ్వే గద." నేను గేర్‌బాక్స్ మార్చడం అంతవరకు పుస్తకంలో తప్ప చూడలేదు. "ఏపియ్యొచ్చు అత్తా" అన్నాను.

ఆటోమేటిక్ కారులో ఇంజన్ వెనక పల్చటి ఇనుప పళ్లెం ఒకటి ఉంటుంది. చేతి గేర్లకు మార్చాలంటే ఆ పళ్లెం తీసేసి, దాని స్థానంలో బరువైన చక్రం పెట్టాలి. దాన్నే ఫ్లైవీల్ అంటారు, క్లచ్ దాని మీదే కూర్చుంటుంది. ఉస్తాద్ అదే కంపెనీ ఇంకో రకం పాత కారు నుంచి దీనికి పట్టే గేర్‌బాక్సూ, ఫ్లైవీలూ సంపాదించి బిగించాడు. తాళం తిప్పాడు. ఇంజన్ మొదలైంది, దానితోపాటు షెడ్డు కూడా మొదలైందనిపించింది. బానెట్ మీద పెట్టిన చాయ్ గ్లాసు తనంతట తాను నడుచుకుంటూ వెళ్లి అంచు నుంచి దూకేసింది. అద్దంలో అత్త ముఖం ఎవరో నీళ్లలో రాయి వేసినట్టు అలలు అలలుగా కనిపించింది.

ఇక ఎవరి మాట వాళ్లది. ఉస్తాద్ ఇంజన్ కింది రబ్బర్లు మార్చాడు. అత్త బడిలో సైన్సు సారు పెట్రోల్ కల్తీ అన్నాడు. పక్కింటామె దిష్టి అంది. నేను గొంతు సవరించుకుని, "ఫ్లైవీల్ బ్యాలెన్స్ తప్పింది" అని తీర్పు చెప్పాను.

తాండూరులో మా ఫ్యాక్టరీ పక్కనే, రాయి కోసే చక్రాలను తిప్పి ఎటువైపు బరువెక్కువుందో చూసే మిషన్ ఉండేది. నేను రోజూ రైల్లో వెళ్లేదాన్నే కాబట్టి, విప్పిన ఫ్లైవీల్‌ను బియ్యం సంచిలో వేసుకుని బయలుదేరాను. ఎదురు సీటులో ముసలమ్మ సంచి తడిమి చూసి, "రొట్టెల పెంకనా బిడ్డా? శానా బరువున్నది" అంది. అవునన్నాను. (కాదంటే తాండూరు దాకా చెప్పుకుంటూ పోవాలి.)

మిషన్ నడిపే తాతది కర్ణాటక సరిహద్దు ఊరు, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడేవాడు. చక్రం తిప్పి చూసి, "చలో ఐతమ్మా, ఏం తప్పు లేదు" అన్నాడు. బాగుందట. నేను నమ్మలేదు. ఇంకా సరిచేయమని పట్టుబట్టాను. ఆయన విసుక్కుంటూనే రవ్వంత లోహం గీసి, వెంట్రుకవాసి తేడా లేకుండా చేసి ఇచ్చాడు. బిగించాం. కారు ముందెలా ఊగిందో అలాగే ఊగింది. అంత నున్నగా తిరిగే చక్రం పెడితే ఇంత ఊగుడేమిటో నా బుర్రకు తట్టలేదు. సూత్రం నా దగ్గరే ఉంది, కానీ అది పనిచేయడం మానేసింది.

షెడ్డు మెట్టు మీద దిగాలుగా కూర్చుంటే, ఇంజన్ వెనక నుంచి తీసేసి ఉస్తాద్ నట్లు పోసుకున్న పాత పళ్లెం కంటపడింది. దాని అంచున ఒకచోట వేలెడంత ఇనుప ముక్క అతికి ఉంది. "ఎవడో తెల్వనోడు అతికిచ్చిండు" అన్నాడు ఉస్తాద్. కానీ ఆ అతుకు ఫ్యాక్టరీలో పెట్టినంత శుభ్రంగా ఉంది. అప్పుడు కొంచెం కొంచెంగా వెలిగింది. ఆ ఇంజన్ లోపలి ఇరుసునే ఒకవైపు బరువుగా ఉండేలా తయారుచేశారు. దాన్ని సరిదిద్దడానికే ఈ ముక్క. కావడికి ఒక కొసన నిండు కుండ ఉంటే రెండో కొసన కూడా నిండు కుండే ఉండాలి. మేము ఖాళీ కుండ తగిలించి, దాన్ని తళతళా తోముతూ కూర్చున్నాం.

"అంటే మంచిగున్న చక్రాన్ని ఖరాబ్ జెయ్యాల్నా?" అన్నాడు ఉస్తాద్.

"ఔ ఉస్తాద్. ఈ పళ్లెం ఎంత వంకరుందో అంతే వంకర జెయ్యాలె."

"సదువుకున్నోళ్లకే వస్తయి గిసొంటి ఆలోచనలు" అన్నాడు, మెచ్చుకున్నాడో ఏమో తెలియకుండా.

మళ్లీ రైలు, మళ్లీ సంచి, అందులో పళ్లెం కూడా. ఈసారి తాత నన్ను ఎగాదిగా చూశాడు. "మొన్న సమం జెయ్యమంటివి, ఇయ్యాల వంకర జెయ్యమంటివి. ఇంట్ల అందరు బాగున్నరా అమ్మా?" పళ్లెం తిప్పి దాని బరువు ఎటుందో చూశాం. బోల్టు రంధ్రాల్లో ఒకటి కాస్త పక్కకు ఉంటుంది, దాన్ని ఆనవాలుగా పెట్టుకుని ఆ బరువు చోటును నేనే చక్రం మీద సుద్దతో గీశాను. తాత దానికి ఎదురు వైపు రంధ్రాలు తొలిచి ఆ వైపు తేలిక చేశాడు. షెడ్డులో బిగించి తాళం తిప్పితే ఊగుడు రెండింతలైంది. పక్క అద్దం ఊడి కింద పడింది. అత్త అద్దం తీసి సీటులో పెట్టి, బస్సు టైమైందని సంచి తగిలించుకుని నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం అమ్మ జొన్నరొట్టెలు కాలుస్తోంది. రొట్టెకు కుడివైపు అంచున అటూ ఇటూ కనిపించేలా మాడిన మచ్చ పడింది. అమ్మ రొట్టెను తీసి పళ్లెంలో బోర్లించింది. ఇప్పుడు మచ్చ ఎడమవైపు ఉంది.

"అమ్మా, మళ్ల తిప్పు!"

"ఎన్నిసార్లు తిప్పాల్నే, తింటవా ఆడుకుంటవా?"

పళ్లేన్ని ఇంజన్ వైపు నుంచి చూసి, చక్రం మీద గేర్‌బాక్స్ వైపు గుర్తు పెట్టానని అప్పుడు తెలిసింది. కుడి ఎడమైంది. బరువు సరిగ్గా ఎదురు దిక్కున కూర్చుంది.

మర్నాడు సంచి చూడగానే తాత తనంతట తానే డ్రిల్లు అందుకున్నాడు. రెండో వైపు కూడా రంధ్రాలు తొలిచేసరికి చక్రం అంచు జల్లెడలా తయారైంది, కానీ పళ్లెం చూపినంత వంకరే, అదే చోట చూపింది. ఉస్తాద్ బిగించి తాళం తిప్పాడు. చప్పుడు లేదు. స్టార్ట్ కాలేదనుకుని మళ్లీ తిప్పితే కర్రుమంది. ఇంజన్ అప్పటికే నడుస్తోంది! ఉస్తాద్ స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని చాలాసేపు కళ్లు తెరవలేదు.

అత్త గర్వంగా ఎక్కి కూర్చుని కాళ్ల వైపు చూసింది. "ఈ మూడోది ఏందే?" ఇన్ని రోజులూ చక్రం సంగతి తప్ప క్లచ్ సంగతి ఎవరికీ గుర్తురాలేదు. కారు కప్పలా ఎగిరి ఆగింది, మళ్లీ ఎగిరి ఆగింది. "ఇంజన్ ఊగుడు బందైంది, ఇప్పుడు నేను ఊగుతున్న" అని అత్త ఎంతో కాలానికి పడీపడీ నవ్వింది. సెలవు రోజుల్లో బడి మైదానంలో నేనే నేర్పాను. ఆమె మొదటిసారి కోట్‌పల్లి రోడ్డెక్కిన రోజు నాయిన వెనక సీటులో బిగుసుకుని కూర్చుని, దిగాక బానెట్ మీద చెయ్యి వేసి, "ఊగుతలేదు" అన్నాడు. బ్యాంకు పరీక్ష మాట ఆ తర్వాత ఎత్తలేదు.

ఇప్పుడు అత్త రిటైరైంది. మోకాళ్లు నొప్పులని, కొత్త ఆటోమేటిక్ కారు కొనుక్కోమని అందరూ వెంటపడుతున్నారు. మొన్న పరిగి వెళ్లే దారిలో, మూల మలుపు దగ్గర గేరు మారుస్తూ నన్ను అడిగింది.

"క్లచ్ లేకుంటే ఎడమకాలు ఏం జెయ్యాలెనే?"

"తెల్వదత్తా" అన్నాను. ఆ రోజుల్లో అయితే ఏదో ఒకటి చెప్పేదాన్ని.